స్టెయిర్‌వే టు హెవెన్‌లో డ్రమ్మర్ నాలుగు నిమిషాలు ఎందుకు ఊరుకున్నాడు?

ప్రశ్న: "రెండేళ్లుగా డ్రమ్స్ నేర్చుకుంటున్నాను. మా బ్యాండ్ వచ్చే నెల ప్రోగ్రాంలో లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల స్టెయిర్‌వే టు హెవెన్ వాయిస్తోంది. పాటలో సగం దాకా డ్రమ్స్ లేవు. వచ్చాక కూడా వాళ్ల డ్రమ్మర్ జాన్ బోన్‌హామ్ పేరుకి తగ్గంత హడావిడి ఏమీ లేదు. జనానికి బోర్ కొడుతుంది, మొదటి నుంచీ హైహాట్ మెల్లగా కొట్టు అంటున్నాడు మా గిటారిస్ట్. కొట్టనా? అసలు అంత గొప్ప డ్రమ్మర్ ఇందులో ఇంత తక్కువ ఎందుకు వాయించాడు?"

కొట్టకండి. మీ గిటారిస్ట్‌కి ఈ సమాధానం చూపించినా సరే, ఆ హైహాట్, అంటే కాలితో మూసి తెరిచే ఆ జంట సింబల్స్, మాత్రం వద్దు.

ఇలా ఖరాఖండిగా చెప్పడానికి కారణం ఉంది. ముప్పై ఏళ్ల కిందట అదే తప్పు నేను చేశాను. సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ ఫెస్ట్. పాట మొదలైంది, గిటార్ ఒక్కటే వినిపిస్తోంది, నా చేతిలో కర్రలున్నాయి, ఎదురుగా ఐదారు వందల మంది. ఖాళీగా కూర్చుంటే వీడికి వాయించడం రాదనుకుంటారేమోనని భయం. రెండో చరణం దగ్గర మెల్లగా హైహాట్ అందుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కానీ నాలుగో నిమిషంలో డ్రమ్స్ నిజంగా రావాల్సిన చోటికి వచ్చేసరికి హాల్లో ఒక్క తల కూడా కదల్లేదు. అక్కడ కొత్తగా వచ్చిందేమీ లేదు మరి! నాకు డ్రమ్స్ నేర్పిన పెద్దాయన చర్చిలో వాయించేవారు. వెనక వరసలో కూర్చుని విన్నారు. బయటికొచ్చాక ఒకటే అన్నారు: "విస్తరి వేయకముందే పాయసం పోసేశావు కదరా."

పాట ఎలా నడుస్తుందో ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి. మొత్తం 8 నిమిషాల 2 సెకన్లు. మొదట ఒక్క అకూస్టిక్ గిటార్. దాని మీదకి ఆ బ్యాండ్ బేస్ గిటారిస్ట్ జాన్ పాల్ జోన్స్ వాయించిన రికార్డర్లు, అంటే మన పిల్లనగ్రోవికి దూరపు చుట్టాల్లాంటి చెక్క వేణువులు. తర్వాత గొంతు. ఇంకాస్త ముందుకెళ్లాక ఎలక్ట్రిక్ గిటార్, ఎలక్ట్రిక్ పియానో. డ్రమ్స్ వచ్చేది సుమారు 4 నిమిషాల 18 సెకన్ల దగ్గర. అంటే సగం దాటాక. సుమారు 6 నిమిషాల దగ్గర గిటార్ సోలో మొదలవుతుంది. అది అయ్యాక చివరి హార్డ్ రాక్ భాగం. ఆఖరి లైన్‌కి మళ్లీ గొంతు ఒక్కటే, డ్రమ్స్ ఉండవు. కొత్త వాయిద్యం వచ్చిన ప్రతిసారీ పాట ఒక మెట్టెక్కుతుంది. డ్రమ్స్ వాటన్నిటిలోకి పెద్ద మెట్టు. దాన్ని కింద నేల మీదే పరిచేస్తే ఇక ఎక్కడానికేం మిగులుతుంది?

డ్రమ్స్‌ని ఇంత ఆలస్యంగా దింపడం కావాలని చేసిన పనే. ఆ బ్యాండ్ గిటారిస్ట్ జిమ్మీ పేజ్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. లెడ్ జెప్లిన్‌కి ముందు అతను లండన్ స్టూడియోల్లో సెషన్ గిటారిస్ట్, అంటే డబ్బు తీసుకుని వేరేవాళ్ల పాటలకి వాయించేవాడు. అక్కడ మొదటి నియమం, పాట మధ్యలో స్పీడు పెరగకూడదు. ఈ పాటలో ఆ నియమాన్ని పనిగట్టుకుని తప్పాలనుకున్నాడు. మెల్లగా మొదలై, పోనుపోను చిక్కబడుతూ, వేగం పెరుగుతూ పోవాలి. ఫోన్లో ట్యాప్ టెంపో యాప్ (వేలితో తడుతుంటే వేగం చెప్పేది) ఉంటే మీరే చూసుకోండి. మొదట్లో నిమిషానికి 72 బీట్లకి అటూఇటూ ఉంటుంది, చివరి భాగం వంద దరిదాపుల్లోకి వెళుతుంది. క్లిక్ ట్రాక్ (ఒకే వేగంలో టిక్కుటిక్కుమనే శబ్దం) పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తుంటే ఈ పాటకి మాత్రం దాన్ని ఆపేయండి. ఏ భాగం ఎంత వేగంలో మొదలవ్వాలో గుర్తుకోసం ఒకసారి వినడానికి పనికొస్తుంది, అంతే.

బోన్‌హామ్ ఆ నాలుగు నిమిషాలూ ఏం చేస్తున్నాడన్నది ఇంకా బాగుంటుంది. ఈ పాట బేసిక్ ట్రాక్, అంటే మిగతావన్నీ పైన చేర్చే పునాది రికార్డింగ్, లండన్‌లో బేసింగ్ స్ట్రీట్‌లోని ఐలాండ్ స్టూడియోలో రికార్డయింది. పేజ్ అకూస్టిక్ గిటార్, జోన్స్ ఎలక్ట్రిక్ పియానో, బోన్‌హామ్ డ్రమ్స్, ముగ్గురూ కలిసి వాయించారు. అంటే డ్రమ్స్ తర్వాత అతికించినవి కావు. ఆయన అక్కడే, సెట్ వెనక, తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు. అప్పుడు ఆ స్టూడియోలో అసిస్టెంట్‌గా ఉన్న రిచర్డ్ డిగ్బీ స్మిత్ తర్వాతి రోజుల్లో ఒక సంగతి చెప్పాడు. మొదటి టేక్ బ్రహ్మాండంగా వచ్చింది. బోన్‌హామ్ ఇక అయిపోయిందనుకున్నాడు. పేజ్ మాత్రం ఇంతకన్నా మంచి టేక్ మనం ఇవ్వగలం అన్నాడు. బోన్‌హామ్‌కి ఒళ్లు మండింది. సణుక్కుంటూ కర్రలు తీసుకుని మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆ కోపమంతా దిగమింగుకుని నాలుగు నిమిషాలు ఆగి, తన వంతు వచ్చాక దించాడు. రెండో టేక్‌లో డ్రమ్స్ వచ్చిన చోటు మొదటిదాన్ని మించిపోయిందట. కోపం వస్తే మనబోటివాళ్లం మొదటి బీటు నుంచే చూపిస్తాం. ఆయన సరిగ్గా ఆ చోటు కోసం దాచుకున్నాడు.

ఇదే మనిషి స్టేజి మీద మోబీ డిక్ అనే డ్రమ్ సోలో ఎత్తుకుంటే ఇరవై నిమిషాలు దాటిపోయేది, మధ్యలో కర్రలు పక్కన పడేసి ఉత్త చేతులతో వాయించేవాడు. కాబట్టి "తక్కువ వాయించాడు" అంటే చేతకాక కాదు, ఓపిక లేకా కాదు. ఇదే 1971 ఆల్బంలో ఆఖరి పాట వెన్ ద లెవీ బ్రేక్స్ కూడా వినండి. హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో, మెట్లదారి అడుగున డ్రమ్స్ పెట్టి, మైకులు పైన మెట్ల దగ్గర వేలాడదీసి రికార్డు చేశారు. అందులో మొదటి సెకను నుంచే డ్రమ్స్ కొండ విరిగి పడ్డట్టు ఉంటాయి. ఒకే ఆల్బం, ఒకే మనిషి. ఒక పాటని డ్రమ్స్ మోస్తాయి, ఇంకో పాటలో అవి సగం దారిలో వచ్చి కలుస్తాయి. ఏ పాటకి ఏది కావాలో తెలియడమే ఇక్కడ విద్య. బోన్‌హామ్ జీన్ క్రూపా, బడ్డీ రిచ్, మాక్స్ రోచ్ లాంటి జాజ్ డ్రమ్మర్లని విని పెరిగినవాడు. జాజ్‌లో మెత్తగా వాయించడం రానివాడికి పనే దొరకదు.

"జనానికి బోర్ కొడుతుంది" అన్న భయం మీ గిటారిస్ట్‌కి ఒక్కడికే కాదు, రికార్డు కంపెనీలు నడిపినవాళ్లకే ఉండేది. ఇంగ్లీష్ గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ 1981లో ఇన్ ది ఎయిర్ టునైట్ తెచ్చాడు. అందులో అసలు డ్రమ్స్ మూడున్నర నిమిషాలు దాటాక గానీ రావు. అప్పటిదాకా డ్రమ్ మెషీన్ టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ అది విని, డ్రమ్స్ వస్తాయని నీకూ నాకూ తెలుసు, వినే పిల్లలకి తెలియదు కదా అన్నాడట. దాంతో సింగిల్ (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డు) కోసం ముందు భాగంలో అదనంగా డ్రమ్స్ వేశారు. ఇప్పుడు జనం గాల్లో చేతులు ఊపుతూ వాయించేది ఆల్బంలో ఉన్న వెర్షన్నే. ఆ "దడదడ" అంతలా గుర్తుండిపోవడానికి దాని ముందున్న ఖాళీయే కారణం.

మీకు కర్ణాటక కచేరీలకి వెళ్లే అలవాటు ఉంటే ఇదంతా చెప్పక్కర్లేదు. గాయకుడు రాగాలాపన చేస్తున్నంతసేపూ మృదంగం ఆయన ఏం చేస్తాడు? చేతులు మృదంగం మీద ఆనించి తల ఊపుతూ కూర్చుంటాడు. పాట మొదలయ్యాక కూడా వెంటనే అందుకోడు, ఒక లైన్ పోనిచ్చి, చూసి, అప్పుడు దిగుతాడు. ఆయన ఖాళీగా ఉన్నాడని ఎవరూ అనుకోరు. ఆ కాసేపూ ఆయన వింటున్నాడు, ఆ వినడం మనకి కనబడుతుంది కూడా. మీరూ అలాగే కనబడండి. ఫోను చూసుకోవద్దు, కర్రలు తిప్పొద్దు, నీళ్ల బాటిల్ మూత విప్పొద్దు.

ఇక చేతుల సంగతి. నాలుగు నిమిషాలు ఊరికే కూర్చుంటే చేతులు చల్లబడతాయి, ఏసీ హాలయితే మరీను. దిగగానే మొదటి ఫిల్‌లో (నడక మధ్య వేసే చిన్న అలంకారం) కర్ర జారుతుంది. నేను కర్రలు తొడల మీద పెట్టుకుని, రెండో చరణం నుంచి వేళ్లతో తొడ మీద లయ పట్టుకుంటాను. శబ్దం రాకూడదు. రావాల్సిన చోటు కోసం బార్లు (కొన్ని బీట్ల ఆవృత్తాలు, మన తాళంలో ఆవర్తాల్లాంటివి) లెక్కపెట్టకండి, నాలుగు నిమిషాల లెక్కలో ఎక్కడో ఒక చోట తప్పుతారు. పాట మాటలు మొత్తం కంఠతా పట్టండి. గాయకుడు మీ చోటుకి ముందు లైన్ ఎత్తుకున్నాడంటే కుడికాలు పెడల్ మీదకి రావాలి.

దిగిన తర్వాతే అసలు పని, చాలామంది పాడు చేసేదీ ఇక్కడే. నాలుగు నిమిషాలు ఆగిన కసి అంతా ఒక్కసారిగా తీర్చుకుంటారు. రికార్డు వినండి, వచ్చేటప్పుడు ఒక చిన్న ఫిల్, తర్వాత సాదా నడక. మాటల మధ్య ఖాళీ దొరికితేనే చిన్న జవాబు, గొంతు ఎత్తుకోగానే వెనక్కి. ఎందుకంటే ఇంకా రెండు మెట్లున్నాయి, సోలో ఒకటి, సోలో తర్వాత భాగం ఒకటి. మీ గట్టితనానికి వంద మార్కులు అనుకుంటే ఈ మొదటి నడక యాభై దాటొద్దు, సోలోకి డెబ్బై ఐదు, చివరి భాగానికి మిగిలింది. క్రాష్ సింబల్‌ని, అంటే ఫెళ్లుమని మోగే పెద్ద పళ్లేన్ని, కూడా ఇలాగే ఖర్చు పెట్టండి. ప్రతి నాలుగు బార్లకీ ఒక క్రాష్ కొట్టేవాడి క్రాష్‌కి సోలో దగ్గర విలువుండదు.

యాభై మార్కులతో వాయించడం అంటే అన్నిటినీ సమంగా తగ్గించడం కాదు. కొత్తవాళ్లు మెల్లగా కొడదామనుకుని కిక్‌నీ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) స్నేర్‌నీ (కింద తీగలుండే చిన్న డ్రమ్) తగ్గించేసి హైహాట్‌ని అలాగే వదిలేస్తారు. హైహాట్ చేతికి దగ్గరగా ఉంటుంది, ఎక్కువసార్లు తగులుతుంది, పైగా కీచుమనే లోహం. దాంతో వినేవాళ్లకి రేకు డబ్బా చప్పుడు తప్ప ఏమీ మిగలదు. వరస ఎప్పుడూ ఇలా ఉండాలి: కిక్, స్నేర్ ముందు, హైహాట్ వాటి వెనక. ఈ విషయంలో రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ చేతులు వీడియోలో చూడండి. స్నేర్ పడే రెండో బీటు, నాలుగో బీటు దగ్గర ఆయన హైహాట్ మీద చెయ్యి పైకి తీసేసేవాడు, అక్కడ హైహాట్ కొట్టేవాడు కాదు. స్నేర్‌కి దానంతటదే చోటు దొరికేది. చూడ్డానికి ఏదో మరిచిపోయినట్టుంటుంది. మీరు ఒక వారం అలా వాయించి చూడండి, మీ స్నేర్ మీకే కొత్తగా వినబడుతుంది.

మెత్తగా వాయించడం నాకు వచ్చింది ఒక ట్రాన్సిస్టర్ వల్ల. మా పెద్దాయన ప్రాక్టీస్ గదిలో స్టూలు మీద ట్రాన్సిస్టర్ పెట్టి, ప్రాంతీయ వార్తలు మామూలుగా వినబడేంత సౌండ్‌లో ఉంచేవారు. రాక్ బీట్ మొత్తం, ఏదీ మానేయకుండా వాయించాలి. వార్తలయ్యాక ఆయన అడిగేవారు, ఇవాళ ముఖ్యాంశాలేంటి? చెప్పలేకపోతే మళ్లీ సాయంత్రం వార్తలకి రావాలి. నెల రోజులు నాకు ఒక్క ముఖ్యాంశం కూడా వినబడలేదు. ఆ తర్వాత తెలిసింది, బలం తగ్గించి మెత్తగా కొట్టకూడదు, కర్ర ఎత్తు తగ్గించి కొట్టాలి. కర్ర కొన స్నేర్ మీద రెండంగుళాల నుంచి పడాలి, కానీ చురుగ్గా పడాలి. పైనుంచి నీరసంగా పడే దెబ్బ మెత్తగా ఉండదు, చచ్చినట్టు ఉంటుంది. ఇప్పుడు ట్రాన్సిస్టర్ ఎక్కడిది అంటే ఫోన్‌లో వార్తలు పెట్టుకోండి, ఇయర్‌ఫోన్స్ లేకుండా.

దీనికి తోడుగా ఇంకో రోగం ఉంటుంది. మెత్తగా వాయించగానే వేగం పడిపోతుంది, గట్టిగా వాయించగానే పరిగెడుతుంది. ఈ పాటలో ఎలాగూ వేగం పెరుగుతుంది కదా అని వదిలేయకండి. ఇక్కడ వేగం బ్యాండ్ అంతా కలిసి పెంచేది, మీ చేతులు అదుపు తప్పి పెరిగేది కాదు. నడకని మెట్రోనోమ్‌తో (వేగానికి తగ్గట్టు టిక్కుమనే యంత్రం) ముప్పై రెండు బార్లు మెత్తగా, ముప్పై రెండు గట్టిగా, మళ్లీ మెత్తగా వాయించండి. గట్టి నుంచి మెత్తకి దిగే చోట మీరు మెట్రోనోమ్ కన్నా వెనకబడుతుంటే మందు అక్కడే వేయాలి.

సోలోకి ముందు వచ్చే గిటార్ తీగల గర్జన గురించి ఒక హెచ్చరిక. ఆ ముక్కలో లెక్క నాలుగులో నిలబడదు. నలుగురూ తలోరకంగా లెక్కపెట్టి అక్కడ బోర్లా పడ్డ బ్యాండ్లు నాకు చాలా తెలుసు. అంకెలు వదిలేసి గిటార్ దెబ్బల్ని నోటితో పలకడం నేర్చుకోండి, మృదంగం వాళ్లు జతులు చెప్పినట్టు. గిటారిస్ట్ పక్కన కూర్చుని, డ్రమ్స్ లేకుండా, నోటితో చెబుతూ చేత్తో బల్ల మీద కొట్టండి. పది నిమిషాల పని. దీంట్లో మీరు గిటార్‌ని తోయొద్దు, దాని దెబ్బ మీదే దెబ్బ వేయండి చాలు.

సోలో వచ్చాక నేను చెప్పేదేమీ లేదు, తలుపు తెరవండి. ఒక్క మాట మాత్రం, గిటారిస్ట్ పైకి వెళ్తుంటే మీరూ వెంట వెళ్లండి, ముందు పరిగెత్తొద్దు.

ప్రోగ్రాం రోజున సౌండ్ చెక్‌లో మిక్సర్ దగ్గరున్న ఆయనకి ముందే చెప్పండి: నాలుగు నిమిషాల దాకా డ్రమ్స్ ఉండవు, డ్రమ్ మైకులు పోయాయనుకుని ఫేడర్ (సౌండ్ పెంచే తగ్గించే మీట) ముట్టుకోవద్దని. నవ్వకండి, నాకు జరిగింది. మొదటి భాగంలో గిటార్ వినబడట్లేదని ఆయన అన్నీ పెంచుకుంటూ పోయాడు, డ్రమ్స్ మైకులతో సహా. నేను దిగేసరికి ముందు వరసలో ఒకాయన చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాత నుంచి సౌండ్ చెక్‌లో పాట మొదటి నుంచి కాకుండా చివరి భాగం నుంచి చూపించడం మొదలుపెట్టాను. అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు ముందు కుదిరితే మిగతావి వాటంతట అవే కిందికి సర్దుకుంటాయి. చిన్న హాలయితే మీ కిక్‌కి తప్ప దేనికీ మైకు అక్కర్లేదు, గొంతు మైకులోకే మీ సింబల్స్ చాలినంత దూరతాయి.

ఇక ఆఖరి లైన్. అందరూ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోటు. అంతకుముందే సింబల్స్ మోత పూర్తిగా ఆరిపోవాలి, కాబట్టి అవసరమైతే చేత్తో పట్టుకుని ఆపండి. స్నేర్ కింద ఉండే తీగలు కూడా గాయకుడి గొంతుకి బుస్సుమంటాయి, ఆ లీవర్ దించేయండి. ఇవన్నీ చేశాక కర్రలు చేతిలోనే ఉంచుకోండి, ఎక్కడా పెట్టొద్దు. ఫెస్ట్‌లో పరువు పోయిన తర్వాత ఏడాదికి ఇదే పాట ఇంకో చోట వాయించాం. ఈసారి నాలుగు నిమిషాలూ రాయిలా కూర్చున్నాను, చోటు చూసుకుని దిగాను, జనం లేచి నిలబడ్డారు. ఆఖరి లైన్‌కి ముందు కుడిచేతి కర్రని ఫ్లోర్ టామ్ (కాళ్ల మీద నిలబడే పెద్ద డ్రమ్) మీద మెల్లగా ఆనించాను. చెక్క స్టేజి, కాస్త ఏటవాలు. గాయకుడు కళ్లు మూసుకుని ఆఖరి మాట లాగుతుంటే అది దొర్లి కిందపడి, టకటకమంటూ స్టేజి అంచు దాకా వెళ్లింది. ఆ రోజు ఎవరో రికార్డు చేసిన క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గరుంది. పాటంతటిలో అన్నిటికన్నా స్పష్టంగా వినబడేది అదే.